పాము కరిచినప్పుడు పైభాగాన తాడు బిగించి కట్టవచ్చా?

కట్టకూడదు. తాడు బిగిస్తే రక్తప్రసారం ఆగి కాలే చచ్చుబడవచ్చు. దానిని ఒక్కసారిగా విప్పితే ఆగిన విషం ఒళ్లంతా పాకుతుంది. మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు సూదిమందు ఉండగా, మంత్రగాడి గుమ్మంలో గంటలు పోగొట్టుకోవడం నా దృష్టిలో క్షమించరానిది. అన్నింటిలోకీ కట్లపాము మోసకారి: రాత్రి నేలమీద పడుకున్నవారిని కరిస్తే నొప్పీ వాపూ దాదాపు ఉండవు, తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి కనురెప్పలు వాలిపోతుంటే ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. కరిచిన కాలిని కదలనీయకుండా చెక్కబద్దతో వదులుగా కట్టి, నడిపించకుండా, ఆ మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.