పజిల్ పరిచాక కొత్త సినిమా పెట్టకండి

సెలవుల్లో ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లో జిగ్‌సా పజిల్ పరుచుకుని, చూసిన సినిమాలే మళ్ళీ పెట్టుకోవడం టైం వేస్టా, మీలో ఎవరైనా ఇలా గడుపుతారా అని అడిగారు. నేను గడుపుతాను. మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మాకు సెలవులిచ్చేదే ఎండలు ముదిరాక. మే నెలలో పొద్దున పదకొండు దాటాక ఇక్కడ రోడ్డెక్కేవాళ్ళకి తప్పని పనైనా ఉండాలి, బుర్రైనా లేకుండా ఉండాలి. వేస్టా కాదా అన్న పంచాయితీ తర్వాత చూద్దాం, ముందు ఎలా గడిపితే బాగుంటుందో చెబుతాను.

పజిల్, సినిమా ఒకేసారి నడవాలంటే ఆ సినిమా మీకు కంఠతా వచ్చినదై ఉండాలి. ఇది నా గట్టి అభిప్రాయం. కొత్త సినిమా పెడితే కళ్ళు తెరమీదే ఉంటాయి, చేతిలో ముక్క చేతిలోనే ఉంటుంది. తల దించితే కథ తప్పిపోతుంది, ‘ఇప్పుడు వచ్చినవాడెవడు’ అని పక్కవాళ్ళని అడగాలి, వాళ్ళు విసుక్కుంటారు. తెలిసిన సినిమాకి చెవులు చాలు, కళ్ళు ముక్కల కోసం ఖాళీగా ఉంటాయి.

మా అత్తయ్యకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఒకప్పుడు విజయవాడ రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. సినిమాని మాటలు, పాటల వరకే కుదించి వినిపించేవాళ్ళు. చింతపండు గింజలు తీస్తూ, బియ్యం ఏరుతూ వినేవాళ్ళట వీళ్ళంతా. థియేటర్లో చూడకుండా రేడియోలో విన్న సినిమాలే ఆవిడకి ఎక్కువ. ఇప్పుడు దివాన్ మీద కాళ్ళు చాపుకుని, ఒళ్ళో స్టీలు పళ్ళెం పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టే నీలం ముక్కల్లోంచి ఆకుపచ్చవి ఏరి పక్కన పడేస్తుంది. టీవీ వైపు చూడదు, కానీ మాట మాటకీ నవ్వుతుంది.

ఏ సినిమాలు అంటారా? మాటల సినిమాలు. మా ఇంట్లో మొదటి ఓటు మాయాబజార్‌కి. పింగళి వారి మాటలు, ఎస్వీ రంగారావు, రేలంగి, సావిత్రి గొంతులు. మాట్లాడేదెవరో చూడక్కర్లేదు. కాకపోతే ‘అహ నా పెళ్ళియంట’ దగ్గర మాత్రం తల ఎత్తక తప్పదు. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు కదా, సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది, ఆ మగ గొంతుకి సావిత్రి ముఖం ఎలా మారుతుందో ఎన్నిసార్లు చూసినా నాకు చాలదు. ఈ మళ్ళీ మళ్ళీ చూడ్డంలోనే ఒక సంగతి గమనించాను. ఇంత పాండవుల గొడవలో పాండవులు ఒక్కరూ తెరమీదికి రారు! మొదటిసారి చూసేవాళ్ళకి వాళ్ళు లేరన్న స్పృహే ఉండదు. ఇక 1957 నాటి నలుపు తెలుపు ప్రింటు పెట్టాలా, 2010లో వచ్చిన రంగులది పెట్టాలా అని మావారికీ అత్తయ్యకీ వాదన. ఇద్దరూ ఎలాగూ ముక్కలవైపే చూస్తుంటారు, అయినా వాదన వాదనే.

తర్వాత జంధ్యాల సినిమాలు, ఏదైనా సరే. గుండమ్మ కథ పెడితే వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తున్నా సూర్యకాంతం గొంతు దాన్ని దాటుకుని వినిపిస్తుంది. విశ్వనాథ్ గారివి మాత్రం పజిల్ రోజుకి పనికిరావు. సాగర సంగమంలో నూతి గట్టు మీద కమల్ హాసన్ డ్యాన్స్ వచ్చేసరికి ఇల్లంతా చేతులు ఆపేసి చూస్తుంది. అలాంటివి పజిల్ ముట్టుకోని రోజుకి దాచుకోవాలి.

ఇక పజిల్ సంగతి. ఎవరో గొప్పగా చెప్పారని మొదటిసారే వెయ్యి ముక్కలది కొనకండి. 500కి రెట్టింపేగా అనుకుంటారు. ఒక ముక్క పక్కన ఇంకో ముక్క పెట్టి చూడాల్సిన జతలు లెక్కేయండి. 500 ముక్కలకి 1,24,750 జతలు, వెయ్యికి 4,99,500. అంటే దాదాపు నాలుగు రెట్లు. (మా పిల్లలకి కాంబినేషన్స్ చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే వాడతాను. లెక్క అర్థమవుతుంది గానీ పజిల్ మాత్రం ఎవరూ కొనరు.) రంగులు, అంచులు విడదీయడంతోనే ఆ లెక్క అదుపులోకి వస్తుంది. అడ్డం 40, నిలువు 25గా కోసిన పజిల్లో అంచు ముక్కలు 126. ముందు ఆ చట్రం కూర్చేస్తే మిగతా పనికి ఒక హద్దు ఏర్పడుతుంది.

బొమ్మ ఎంచుకునేటప్పుడు ఆకాశం ఎంతుందో చూడండి. అట్టపెట్టె మీద మంచుకొండల వెనక విశాలంగా కనబడే ఆ నీలం అందంగానే ఉంటుంది, తీరా కూర్చున్నాక ప్రాణం తీస్తుంది. రంగు సాయం లేనిచోట ఆకారంతోనే నెట్టుకురావాలి. రెండు బుడిపెలు రెండు గంట్లు ఉన్నవి ఒక కుప్ప, మూడు బుడిపెలవి ఒక కుప్ప, అలా. బజారు వీధి, పుస్తకాల అల్మరా, దుకాణాల బోర్డులు ఉన్న బొమ్మలైతే హాయి. రంగులు ఏరే పని పొద్దున కిటికీ వెలుగులోనే పెట్టుకోండి. రాత్రి ట్యూబ్‌లైటు కింద ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ ఒకటే అనిపిస్తాయి.

డైనింగ్ టేబుల్ మీద మొదలుపెడితే భోజనాల వేళకి గొడవ. వెయ్యి ముక్కలది పూర్తయ్యాక సుమారు 70 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు ఉంటుంది. మూడడుగులు, రెండడుగుల ప్లైవుడ్ చెక్క సరిపోతుంది. మేం దానికి పాత దుప్పటి గుడ్డ బిగించాం, ముక్కలు జారవు. రాత్రికి అలాగే దివాన్ కిందికి తోసేస్తాం. కూలర్ ఉంటే దాని ఎదురుగా కూర్చోవద్దు. ఆ తడిగాలికి అట్టముక్కలు మెత్తబడి అంచులు విచ్చుకుంటాయి, పైగా ఆ మోతకి డైలాగులు వినబడవు. పనమ్మాయి చీపురు పట్టేలోపు నేలమీద ఓ చూపు వేయండి. కరెంటు పోతే సినిమా ఆగుతుంది గానీ పజిల్ ఆగదు. అప్పుడు మిగతా సినిమా అత్తయ్య నోటితో వింటాం, పాటలతో సహా.

చిన్నపిల్లలుంటే చెక్క మ్యాపులు మంచివి. అసలీ ఆట పుట్టిందే మ్యాపుతో. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అని మ్యాపులు చెక్కే ఆయన, మ్యాపుని చెక్కకి అతికించి దేశాల హద్దుల వెంబడి కోసి, పిల్లలకి భూగోళం నేర్పడానికి అమ్మాడు. మా ఇంట్లో మావారి కాలం నాటి ఇండియా మ్యాపు ఒకటుంది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటే పెద్ద ముక్క, ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా. మా ఆడపడుచు కొడుకు దగ్గరున్న కొత్తదాంట్లో రెండు ముక్కలు. వాడు మొన్న మా ఇంటికొచ్చి పాత ముక్క చేతిలో పట్టుకుని, ‘అత్తా, ఇది తప్పు ముక్క, వేరే డబ్బాలోది కలిసిపోయింది’ అన్నాడు. 2014 జూన్ 2 కథంతా చెప్పాల్సి వచ్చింది వాడికి. విన్నాడు. విని, ‘మరి దీన్ని కోసేద్దామా?’ అన్నాడు. అత్తయ్య మ్యాపు తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది.

ఇప్పుడు పంచాయితీ. మీ ఇంట్లోవాళ్ళు ‘దీనివల్ల ఏం వస్తుంది’ అంటున్నారని రాశారు. ఏమీ రాదు. జ్ఞాపకశక్తి పెరుగుతుంది, మెదడు పదునెక్కుతుంది అని నేను ఆశపెట్టను. నాకు నచ్చేది వేరే. ఏడాదంతా మా ఇంట్లో ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి గది వాళ్ళది. చెక్క బయటికి లాగితే మాత్రం అటుగా వెళ్ళేవాళ్ళు ఒక్క ముక్కైనా పెట్టకుండా కదల్లేరు. మావారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని నిలబడే మూడు ముక్కలు పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతారు. వద్దన్నవాళ్ళే మీ ఇంట్లోనూ వచ్చి కూర్చుంటారు, నా మాట రాసిపెట్టుకోండి. బలవంతం మాత్రం చేయకండి. చెక్క హాల్లో ఉంచండి, చాలు.

పూర్తయ్యాక ఫ్రేము కట్టించాలా అని కూడా అడిగారు. నేనైతే వద్దంటాను. గోడలు ఎన్ని ఉన్నాయి మనకి? ఫోటో తీసుకుని విడగొట్టేయండి. అంచు ముక్కలు వేరే కవర్లో వేసి పెట్టెలో పెడితే తర్వాతివాళ్ళకి ఓ పూట కలిసొస్తుంది. మా వీధిలో ఇలా పెట్టెలు చేతులు మారుతుంటాయి. ఒకటి మాత్రం మర్యాద: ముక్క తగ్గితే పెట్టె మీద పెన్నుతో రాసి మరీ ఇవ్వండి, ఎక్కడ తగ్గిందో కూడా. ‘ఎడమవైపు గొడుగు దగ్గర ఒకటి లేదు’ అని రాసిన పెట్టె ఒకటి మా దగ్గరకొచ్చింది, ఎవరు రాశారో గానీ పుణ్యం కట్టుకున్నారు.