క్షయకరణంలో క్షయించేది ఏమిటి?

ఇంటర్ చదువుతున్న మీ అమ్మాయికి ఆక్సీకరణం, క్షయకరణం తరచూ తారుమారవుతున్నాయని, ‘ఎలక్ట్రాన్లను పొందడం క్షయం ఎలా అవుతుంది?’ అని ఆమె అడిగితే ఏం చెప్పాలో తోచలేదని రాశారు. ఆ అమ్మాయి సరిగ్గా అడగవలసిన చోటనే అడిగింది. చీపురుపల్లి ప్రాంతంలో చాలా ఏళ్లు రసాయనశాస్త్రం బోధించాను. అంతకు ముందు విద్యార్థిగా ఇదే పదం దగ్గర మార్కులు పోగొట్టుకున్నాను. క్షయం అంటే తరగడమని ఇంట్లో నేర్చుకున్నవారికి, పొందడాన్ని క్షయమని రాయడానికి చేయి రాదు.

ఈ పేర్లు పుట్టేనాటికి ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. జె.జె.థామ్సన్ దానిని గుర్తించినది 1897లో. అంతకు వందేళ్లకు పైగా ముందే, లోహాన్ని గాలిలో కాల్చినప్పుడు బరువు పెరిగేది ఆక్సిజన్ చేరడం వల్లనేనని లావోయిజర్ చూపారు. అలా ఆక్సిజన్ చేరితే ఆక్సీకరణం, పోతే క్షయకరణం అన్న అర్థాలు స్థిరపడ్డాయి.

ఆ రెండో అర్థం నాకు పుస్తకంలో కాదు, గరివిడిలో తెలిసింది. మాంగనీస్ గనుల నుంచి వచ్చిన నల్లటి రాయిని అక్కడ కోక్‌తో, అంటే దాదాపు కార్బనే అయిన బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగించి ఫెర్రోమాంగనీస్ తయారు చేసేవారు. ఆ కొలిమి దగ్గర పని చేసిన మా మేనమామ ‘రాయి వేసినంత లోహం రాదురా, తరుగు పోతుంది’ అనేవారు. ఆ తరుగులో మట్టి, లోహమలం కూడా ఉంటాయనుకోండి. వాటిని పక్కన పెట్టి శుద్ధమైన మాంగనీస్ డయాక్సైడ్‌నే తీసుకున్నా, 87 గ్రాములలో మాంగనీస్ 55 గ్రాములే. మిగిలిన 32 గ్రాముల ఆక్సిజన్‌ను కార్బన్ పట్టుకుపోతుంది. క్షయించినది ఆ బరువు. మేనమామ ‘తరుగు’ అన్నదే మన పాఠ్యపుస్తకాల్లోని ‘క్షయం’ అని నాకు తట్టేసరికి డిగ్రీ రెండో సంవత్సరం గడిచిపోయింది.

ఆక్సిజన్ ఊసే లేని చర్యలకు కూడా ఇవే పేర్లు వాడవలసి వచ్చినప్పుడు నిర్వచనం ఎలక్ట్రాన్ల వైపు జరిగింది (వదులుకుంటే ఆక్సీకరణం, పొందితే క్షయకరణం) గాని, పేరు మారలేదు. ఇప్పుడు క్షయించేది బరువు కాదు, ఆక్సీకరణ సంఖ్య, అంటే పరమాణువుకు మనం లెక్కగట్టే ఆవేశం. ఎలక్ట్రాన్‌కు ఉన్నది రుణావేశం, రుణమంటే అప్పు. అప్పు చేతికి వస్తే ఆస్తి లెక్క తరిగినట్లే, ఎలక్ట్రాన్ వచ్చి చేరితే ఆక్సీకరణ సంఖ్య తరుగుతుంది. ఈ ఒక్క మాటతో నా విద్యార్థులలో చాలామందికి తికమక తీరింది.

దీనిని ప్రయోగశాలలో కళ్లారా చూడవచ్చు. ఆమ్లం కలిపిన మోర్ లవణ (ఇనుము ఉన్న ఒక లవణం) ద్రావణంలోకి బ్యూరెట్ నుంచి పొటాషియం పర్మాంగనేట్‌ను చుక్క చుక్కగా వదిలితే, దాని ఊదా రంగు పడిన క్షణంలోనే మాయమవుతుంది. పర్మాంగనేట్‌లోని మాంగనీస్ ఐదు ఎలక్ట్రాన్లను తీసుకొని +7 నుంచి +2కు దిగుతుంది. ఇనుము ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను వదులుకొని +2 నుంచి +3కు ఎక్కుతుంది. అందువల్ల ఒక పర్మాంగనేట్‌కు ఐదు ఇనుప అయాన్లు కావాలి. ఇనుమంతా అయిపోయాక పడిన చుక్క లేత గులాబీ రంగుతో నిలిచిపోతుంది కనుక, ఈ అంశమాపనానికి (టైట్రేషన్‌కు) ముగింపును రంగుతో తెలిపే వేరే సూచిక అక్కరలేదు. ఇక్కడ తగ్గినది మాంగనీస్ సంఖ్య కాబట్టి క్షయకరణం చెందినది అదే. ఇనుమును ఆక్సీకరించినది కూడా అదే కనుక దానిని ఆక్సీకరణి అంటాము. ‘ఆక్సీకరణి తాను ఆక్సీకరణం చెందుతుంది’ అని రాసే విద్యార్థులు ప్రతి సంవత్సరం కనిపించేవారు. వంటవాడు తాను ఉడకడు కదా అని వారితో అనేవాడిని.

ఇంట్లో చూపాలంటే, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కరిగించిన నీలి నీటిలో శుభ్రంగా తోమిన ఇనుప మేకును అరగంట ఉంచండి. మేకు మీద ఎర్రటి రాగి పూత కడుతుంది, నీలం నెమ్మదిగా పలచబడుతుంది. మైలుతుత్తం విషం కనుక వంట పాత్రలు వాడవద్దు.

ఒక్క ఉచ్చు గురించి మాత్రం ఆమెకు ముందే చెప్పండి. బుడితి ఇత్తడి చెంబు నల్లబడితే చింతపండుతో తోముతాము, అది తళతళలాడుతుంది. దీనిని క్షయకరణానికి ఉదాహరణగా రాసిన జవాబు పత్రాలను నేను ఎన్నో దిద్దాను. నల్లటి కాపర్ ఆక్సైడ్‌లో రాగి సంఖ్య +2. చింతపండులోని ఆమ్లం దానిని కరిగించి లవణంగా మార్చినప్పుడూ +2. సంఖ్య కదలలేదు కనుక అక్కడ ఆక్సీకరణమూ లేదు, క్షయకరణమూ లేదు. పైపొర కరిగిపోయి, అడుగునున్న లోహం బయటపడింది, అంతే.