చెయ్యి తిరిగిన డిజైనర్లకు పొరల పాఠం

ప్రశ్న: నేను యంత్ర భాగాల డిజైన్ విభాగాన్ని చూస్తున్నాను. మా బృందంలో పదిహేను, ఇరవై ఏళ్లుగా మిల్లింగ్‌కు (తిరిగే కటర్‌తో లోహాన్ని చెక్కే పని), పోతపనికి డిజైన్లు గీస్తున్నవారు ఉన్నారు. లోహపు 3డీ ప్రింటింగ్ యంత్రం వచ్చాక వారికి సాఫ్ట్‌వేర్ శిక్షణ ఇప్పించాం. అయినా వారు పంపే డిజైన్లు పాత భాగాల్లాగే ఉంటున్నాయి. వాటిని ప్రింట్ చేస్తే మిల్లింగ్ కన్నా ఖర్చు ఎక్కువవుతోంది. కొత్తగా చేరినవారే నయమనిపిస్తోంది. అనుభవజ్ఞులకు ఈ నైపుణ్యం ఎలా అలవడుతుంది?

జవాబు: మీ సీనియర్ల విషయంలో అప్పుడే ఆశ వదులుకోవద్దని ముందుగా మనవి. పాత పని బాగా తెలిసి ఉండడమే వారికిప్పుడు అడ్డుపడుతోంది. డ్రిల్ తిన్నగానే వెళ్తుందని, కటర్ చేరలేని మూలను గీయకూడదని, ఫిక్చర్‌లో, అంటే భాగాన్ని కదలకుండా పట్టే చట్రంలో, బిగించడానికి చదునైన ముఖం ఉండాలని వారి చేతికి ఆలోచించనక్కర లేకుండానే తెలుసు. ఈ నియమాలను ఎవరూ కాగితం మీద పెట్టుకోలేదు కనుక, వాటిని పక్కన పెట్టమన్నప్పుడు దేన్ని పక్కన పెట్టాలో వారికే తోచదు. సాఫ్ట్‌వేర్ శిక్షణ ఈ చోటును తాకదు.

అందుచేత ప్రతి ఒక్కరినీ తాము గతంలో డిజైన్ చేసిన ఒక భాగాన్ని తెచ్చుకోమని, అందులోని ఒక్కొక్క గీత, ఆ భాగం చేసే పని కోసం ఉందో, దాన్ని తయారుచేసే పద్ధతి కోసం ఉందో గుర్తు పెట్టమని చెప్పండి. ఒత్తిడితో వచ్చే నూనెను వేర్వేరు దారుల్లోకి పంచే హైడ్రాలిక్ మానిఫోల్డ్‌ను తీసుకుందాం. అది దీర్ఘచతురస్రపు దిమ్మెగా ఉండడానికి కారణం ముడి లోహం ఆ రూపంలో రావడం. లోపలి దారులు లంబకోణంలో కలవడానికి కారణం డ్రిల్. బయటి ప్లగ్గులు ఆ డ్రిల్ లోపలికి వెళ్లిన దారిని మూయడానికి. ఇవన్నీ కొట్టివేస్తే మిగిలేవి పోర్టుల (నూనె వచ్చిపోయే రంధ్రాల) స్థానాలు, ఒత్తిడిని ఆపగల గోడ మందం, సీలు కూర్చునే ముఖాలు మాత్రమే. అక్కడి నుంచి మళ్లీ గీయడం మొదలుపెట్టిన డిజైనరు నూనె సాఫీగా మలుపు తిరిగే దారులను, వాటి చుట్టూ అవసరమైనంత లోహాన్ని మాత్రమే ఉంచుతాడు.

ఆ వెంటనే కొత్త పద్ధతికి ఉన్న కట్టుబాట్లు ఎదురవుతాయి. పొడిని పొరపొరగా లేజర్‌తో కరిగించే యంత్రంలో, క్షితిజ సమాంతర తలంతో సుమారు 45 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో వాలిన కింది ముఖాలకు సాధారణంగా సపోర్టులు, అంటే ప్రింట్ అయ్యాక తీసేసే ఆసరాలు, కావాలి. వంపు తిరిగిన దారి లోపల సపోర్టు పెడితే దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. కనుక పెద్ద అడ్డ దారిని గుండ్రంగా కాక నీటిబొట్టు ఆకారంలో గీయాలి. కరగని పొడి బయటికి రావడానికి దారి ఉండాలి. వేడి వల్ల లోహంలో మిగిలిపోయే ఒత్తిళ్లను తగ్గించకుండానే భాగాన్ని అది ప్రింటయిన పలక నుంచి కోస్తే అది వంగిపోవచ్చు. సీలు ముఖాలను, మరలను తర్వాత మెషినింగ్ చేయాలి కాబట్టి అక్కడ అదనపు లోహం వదలాలి, ఆ వంకర ఆకారాన్ని బిగించే చోటు కూడా ఆలోచించాలి. ఫిక్చర్ల గురించిన పాత జ్ఞానం అక్షరాలా అక్కరకొచ్చే చోటు ఇది. కొత్తవారు సాధారణంగా తడబడేది ఇక్కడే. సీనియర్లను, కొత్తవారిని ఒకే భాగం మీద కలిపి కూర్చోబెట్టండి.

మరొక మాట గట్టిగా చెబుతాను. తాను గీసిన భాగం సపోర్టులను డిజైనరే స్వయంగా తీయాలి. ఒక మధ్యాహ్నమంతా వాటితో కుస్తీపట్టిన మనిషి మరుసటి డిజైన్‌లో భాగాన్ని ఏ దిశలో నిలబెట్టాలో గీత గీయకముందే ఆలోచిస్తాడు. విఫలమైన భాగాలను పారేయకుండా, డ్రాయింగుతో సహా అందరికీ కనిపించే చోట ఉంచండి.

ఒకేసారి అన్ని పద్ధతులూ నేర్పకండి. ప్రమాణాలు నిర్ణయించే సంస్థలైన ఐఎస్ఓ, ఏఎస్‌టీఎంల ఉమ్మడి ప్రమాణం 52900 3డీ ప్రింటింగ్ పద్ధతులను ఏడు వర్గాలుగా విభజించింది. ఒకదాని నియమం మరొకదానికి చెల్లదు. నైలాన్ పొడిని లేజర్‌తో అతికించేటప్పుడు చుట్టూ ఉన్న పొడే ఆసరా కనుక సాధారణంగా సపోర్టులు అక్కరలేదు. ప్లాస్టిక్ తీగను కరిగించి పేర్చే పద్ధతిలో పొరల మధ్య అతుకు బలహీనం కనుక బరువు ఏ దిశలో పడుతుందన్నదే ముఖ్యం. మీ దగ్గరున్న యంత్రం మీద పట్టు వచ్చాకే తర్వాతిది.

శిక్షణల్లో లీప్ విమాన ఇంజన్‌లోని ఇంధన నాజిల్‌ను తప్పక చూపిస్తారు. సుమారు 20 ముక్కలు ఒకటిగా మారిన ఆ ఉదాహరణ గొప్పదే. కాని తొలిరోజే చూపితే ఎన్ని ముక్కలు కలిపితే అంత మేలన్న భ్రమ కలుగుతుంది. కలిపిన భాగంలో ఒక మూల లోపం వచ్చినా మొత్తం పనికిరాకుండా పోతుంది, లోపలి తనిఖీ కూడా కష్టమవుతుంది. ఒక డ్రాయింగ్ చూసి, ఇది మిల్లింగ్‌కే పంపుదామని కారణాలతో చెప్పగలిగిన డిజైనరుకు పని వచ్చినట్టే.

ప్రశ్న: టోపాలజీ ఆప్టిమైజేషన్ (పడే బరువులను బట్టి లోహం ఎక్కడ ఉండాలో కంప్యూటర్ లెక్కించే పద్ధతి) నేర్చుకుంటే ఇవన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది కదా?

జవాబు: చూసుకోదు. 1988లో బెండ్సో, కికుచి ప్రచురించిన పత్రం పునాదిగా ఎదిగిన ఈ పద్ధతి, మీరిచ్చిన బరువులకు మాత్రమే సరిపడే ఆకారాన్ని ఇస్తుంది. బిగించేటప్పుడు పక్క నుంచి పడే తోపును మీరు చెప్పడం మరిచిపోతే, ఆ తోపును తట్టుకోవలసిన లోహాన్నే అది తీసేస్తుంది. ఏ బరువులు ఇవ్వాలో తెలిసేది భాగాలు ఎక్కడ విరుగుతాయో ఏళ్ల తరబడి చూసినవారికే. బరువు ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుందో ముందు చేత్తో గీసి, తర్వాత సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఆకారంతో పోల్చండి. రెండూ వేరుపడిన చోట ఎవరిది పొరపాటో తేలేవరకు ప్రింటుకు పంపకండి.