వేరుపురుగు మీదికి మేలుచేసే నులిపురుగులు: మా పెరట్లో చూసినదాన్నిబట్టి

మీ ప్రశ్న చదివాను. ఒంగోలు దగ్గర మీ పెరట్లో గులాబీలు, వంగ మొక్కలు నీళ్లు పోస్తున్నా వాడిపోతున్నాయి. పాదు తవ్వితే తెల్లటి లావు పురుగులు గుండ్రంగా ముడుచుకుని కనబడ్డాయి. ఎవరో నెమటోడ్లు, అంటే సన్నటి నులిపురుగులు, వేయమన్నారు. నెమటోడ్ అంటేనే వేర్లకు రోగం కదా, పైగా పిల్లలు, కోళ్లు తిరిగే చోట వేయొచ్చా అన్నది మీ సందేహం. మాది నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఇసుక నేల. ఈ వేరుపురుగుతో మేమూ ఏళ్ల తరబడి అవస్థ పడ్డాం కాబట్టి తెలిసింది చెబుతాను. వేయొచ్చు, పని చేస్తాయి. కాకపోతే మన ఎండలకు వేసే వేళ, నేలలో తడి కుదరకపోతే బూడిదలో పోసిన పన్నీరే.

ముందు మీ భయం సంగతి. నులిపురుగుల్లో చాలా రకాలున్నాయి. వంగ, టమాటా, బెండ వేర్ల మీద బుడిపెలు తెచ్చేది వేరే జాతి, అది మొక్క రసం తాగి బతుకుతుంది. మీరు కొనబోయేవి పురుగుల ఒంట్లో తప్ప పెరగలేవు, మొక్క వేరును ముట్టవు. వాడిన మొక్క ఒకటి పీకి వేర్లు కడిగి చూడండి. వేర్లు కొరికేసి మొండిగా ఉంటే వేరుపురుగు పని. వేర్లే ఉబ్బి ముడులు పడి ఉంటే అది బుడిపె రోగం, దానికి ఈ నెమటోడ్లు మందు కాదు. అక్కడ వేపపిండి, బంతి మొక్కలు, పంట మార్పిడి చూసుకోవాలి. చిక్కుడు, వేరుశనగ వేర్ల మీది బుడిపెలు చూసి మాత్రం కంగారు పడకండి. గోటితో గీరితే ఊడొచ్చేవి నత్రజని బుడిపెలు, అవి మంచివే.

ఇంకొకటి కూడా చూడాలి. పశువుల ఎరువు బాగా వేసిన పాదుల్లో కనిపించే ప్రతి తెల్ల పురుగూ శత్రువు కాదు. దాన్ని తీసి గచ్చు మీద పెట్టండి. వెల్లకిలా తిరిగి వీపు మీద పాకుతూ పోతే అది పూల పెంకుపురుగు పిల్ల, ఎక్కువగా కుళ్లిన ఎరువు తిని బతుకుతుంది. దాన్ని తీసుకెళ్లి ఎరువు గుంటలో వేస్తే సరిపోతుంది. గోధుమరంగు తల, మూడు జతల కాళ్లతో ఒక పక్కకు ముడుచుకుని పడుకునేదే మన వేరుపురుగు.

ఇక ఇవి ఎలా చంపుతాయంటే, మన దగ్గర వేరుపురుగుకు ఎక్కువగా వాడేది హెటెరోరాబ్డైటిస్ ఇండికా. కోయంబత్తూరు మట్టిలో దొరికిన జాతి, 1992లో శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. మన వేడికి అలవాటు పడినది కాబట్టి చలి దేశాల రకాలకంటే మనకు ఇదే నయం. పొడవు అర మిల్లీమీటరు ఉంటుంది. మట్టి రేణువుల మధ్య సన్నటి నీటి పొరలో ఈదుకుంటూ వెళ్లి పురుగు నోటి నుంచో, మలద్వారం నుంచో, ఊపిరి రంధ్రాల నుంచో లోపలికి దూరుతుంది. నెమటోడ్ పేగులో ఫోటోరాబ్డస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, అసలు చంపేది అదే. చిన్న పురుగు ఒకటి రెండు రోజుల్లో చస్తుంది, బాగా ముదిరినదానికి ఇంకా టైమ్ పడుతుంది. ఆ శవంలోనే నెమటోడ్లు పిల్లలు పెట్టి, రెండు వారాలు అటూఇటూగా వేలకు వేలు బయటికొచ్చి ఇంకో పురుగును వెతుక్కుంటాయి.

పని చేసిందో లేదో కళ్లతోనే తెలుస్తుంది. మేము వేసిన వారం తర్వాత గులాబీ పాదు బొరిగెతో మెల్లగా గుల్ల చేస్తే, తెల్లగా ఉండాల్సిన పురుగు ఇటుక రంగులో మెత్తగా పడి ఉంది. చచ్చిన పురుగు మామూలుగా నల్లబడి కంపు కొడుతుంది, ఇది కొట్టదు. ఆ బ్యాక్టీరియా వేరే క్రిములను దగ్గరికి రానివ్వదు. ఎర్ర పురుగు కనిపిస్తే పారేయకుండా అక్కడే మట్టి కప్పేయండి, మీ తర్వాతి దళం దాని లోపలే ఉంది.

వేసే పద్ధతి దగ్గరే చాలామందికి తేడా కొడుతుంది. ఎండ నేరుగా తగిలితే ఇవి నిమిషాల్లో పోతాయి. అందుకని పొద్దు గూకాకే వేయాలి. ముందు పాదంతా బాగా తడపండి. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోయేలా రాత్రంతా బకెట్లో ఉంచి వాడటం మంచిది. నెమటోడ్ల పొడిని నీళ్లలో కలిపాక ఆ సాయంత్రమే అయిపోవాలి. నెమటోడ్లు అడుక్కి దిగిపోతాయి కాబట్టి క్యాన్ తిప్పుతూ ఉండాలి, లేకపోతే మొదటి పాదులకు ఉత్త నీళ్లు, చివరి పాదుకు మొత్తం సరుకూ పోతుంది. స్ప్రేయర్‌తో అయితే లోపలి జల్లెడ తీసేయండి. వేసిన వెంటనే మళ్లీ కాసిని నీళ్లు పోసి, ఎండుటాకులో కొబ్బరి పీచో కప్పి, రెండు వారాలు తడి ఆరనివ్వకండి. తడి అన్నానని నీళ్లు నిలబెట్టకూడదు, గాలి ఆడకపోతే అవీ చస్తాయి.

మోతాదు మామూలుగా చదరపు మీటరుకు 2.5 లక్షల నెమటోడ్లు, అంటే సెంటు స్థలానికి సుమారు కోటి. ప్యాకెట్ మీద ఎన్ని ఉన్నాయో, ఏ జాతో, తయారైన తేదీ, గడువు తేదీ రాసి లేకపోతే కొనకండి. ఇది ప్రాణమున్న సరుకు. ఎండలో పార్శిల్ ఆటోలో తిరిగి వచ్చిన ప్యాకెట్లో శవాలే ఉండొచ్చు. నేను చిటికెడు పొడి నల్ల పళ్లెంలో నీళ్లు పోసి కాసేపు నాననిచ్చి, భూతద్దంతో చూస్తాను. సన్నటి వెంట్రుక ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతుంటే అప్పుడే నేలకు పోస్తాను. దొరికే చోటు కోసం నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో దీని పొడి మందు తయారీ పద్ధతిని అభివృద్ధి చేసింది.

కాలం సంగతికొస్తే, రోహిణి కార్తె ఎండల్లో వద్దు. తొలకరి జల్లులు పడగానే ఈ వేరుపురుగుల తల్లులైన పెంకుపురుగులు నేలలోంచి లేచి రాత్రిళ్లు వేప, మునగ, రేగు చెట్ల ఆకులు తింటాయి, ఆ తర్వాత మట్టిలో గుడ్లు పెడతాయి. ఆరుద్ర, పునర్వసు కార్తెలనాటికి పిల్లలు చిన్నవిగా ఉంటాయి, దెబ్బ అప్పుడే బాగా తగులుతుంది. అంతకుముందే చీకటి పడ్డాక కొమ్మలు దులిపి, రాలిన పెంకుపురుగులను కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తే సగం బాధ తీరుతుంది. మా ఇసుక నేలలో నెమటోడ్లు సులువుగా తిరుగుతాయి గానీ తడి త్వరగా ఆరిపోతుంది. మీది నల్లరేగడైతే తడి నిలుస్తుంది, అవి కదలడం మాత్రం కష్టం. అందుకని ముందు పైమట్టి గుల్ల చేసి, ఎరువు కలిపి, ఆ తర్వాత వేయండి.

పిల్లలు, కోళ్లు, కుక్కల గురించి టెన్షన్ వద్దు. మన ఒంటి వేడికి ఆ జీవులు నిలవలేవు, వానపాములకూ హాని లేదు. కోళ్లను పాదుల్లోకి వదిలితే అవే కొన్ని పురుగులు ఏరుకు తింటాయి. నెమటోడ్లు వేసిన రెండు వారాలు మాత్రం గెలకనివ్వకండి. గుళికల మందు వేసిన పాదులో ఇవి వేయొద్దు, గుళికలు వీటినీ చంపుతాయి. వేపపిండిని కూడా నేను అదే వారంలో వేయను.

పేనుబంక, పిండినల్లి, ఎర్రనల్లిలాంటి ఆకుల మీది పురుగులకు దీన్ని కొనకండి. మొక్క మొదలు కొరికే లద్దెపురుగు పైమట్టిలో దాక్కుంటుంది, దానికి స్టైనర్నీమా కార్పోకాప్సే అనే ఇంకో జాతి మేలు. ఇప్పటికే వేర్లు పోయిన వంగ మొక్కలను ఏదీ బతికించలేదు, పీకేసి నెమటోడ్లు వేశాక కొత్త నారు పెట్టండి. గులాబీలకు సగం కొమ్మలు కత్తిరించి నీడ కడితే కొత్త వేర్లు రావచ్చు. ముదురు పురుగులు కొన్ని మిగులుతాయి, వాటికోసం రెండు మూడు వారాల తర్వాత ఇంకోసారి వేయాల్సి రావచ్చు.

మీకు కొబ్బరి చెట్లు, పేడ గుంట ఉన్నాయా? ఉంటే ఆ గుంట కూడా ఒకసారి తిరగేయండి. బొటనవేలంత పురుగులు కనిపిస్తే అవి కొమ్ము పురుగు పిల్లలు, గుంటలో మెటారైజియం అనే, పురుగుల్ని చంపే బూజు మందు కలపాలి. ఏం కనిపించిందో రాయండి, ఫోటో పెడితే చూసి చెబుతాను.