యాజమాన్యం తరఫు న్యాయవాది కావాలనుకుంటున్న కార్మికుడి కూతురు

విశాఖపట్నం నుంచి ఒక తండ్రి రాశారు. ముప్పై ఏళ్లు కర్మాగారంలో పనిచేసి, యూనియన్‌లో ఉండి, కంపెనీ జరిపే క్రమశిక్షణ ఎంక్వైరీలలో తోటి కార్మికుల పక్కన సహాయకుడిగా కూర్చున్న మనిషి ఆయన. ఎల్‌ఎల్‌బీ నాలుగో ఏడాది చదువుతున్న కూతురు కంపెనీల తరఫున కార్మిక కేసులు చూసే సీనియర్ దగ్గర చేరతానంటోందట. ఆ పనికి భవిష్యత్తు ఉందా అని అడుగుతూ, తన మనసు మాత్రం ఒప్పుకోవడం లేదని చెప్పారు.

అయ్యా, మీ బాధను నేను తేలిగ్గా తీసుకోను. అయితే మీరు ఈ న్యాయవాదులను చూసింది గొడవ ముదిరిన తర్వాతే. వాళ్ల పనిలో ఎక్కువ భాగం అంతకుముందే, ఎవరి కంటా పడకుండా జరుగుతుంది.

ఒక కార్మికుడు సెలవు పెట్టకుండా పది రోజులు రాలేదనుకోండి. పేరు కొట్టేయవచ్చా అని హెచ్‌ఆర్ మేనేజర్ ఫోన్ చేస్తాడు. స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే కంపెనీ ఉద్యోగ నిబంధనల్లో, అలాగే రాసి ఉందంటాడు. డి.కె. యాదవ్ కేసులో అచ్చంగా ఇలాంటి నిబంధన కిందే ఒక కంపెనీ కార్మికుణ్ణి తీసేస్తే, అతని మాట వినకుండా తీసేయడం చెల్లదని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది, పనికి దూరమైన కాలానికి సగం జీతం ఇచ్చి తిరిగి పనిలోకి తీసుకోమంది. అది తెలిసిన న్యాయవాది వద్దంటారు. ముందు నోటీసు పంపమంటారు. అది ‘తలుపు తాళం’ అని తిరిగొస్తే ఆ కవరు చింపకుండా ఫైల్లో దాచి, సొంతూరి చిరునామాకు ఇంకొకటి పంపమంటారు. ఛార్జిషీటు (కంపెనీ మోపే ఆరోపణల పత్రం) అతనికి అర్థమయ్యే భాషలో ఉండాలంటారు. ఆ సలహా వల్ల కంపెనీకి రేపటి కేసు తప్పుతుంది, ఆ మనిషికి తన జ్వరం గురించో, ఇంట్లో చావు గురించో చెప్పుకునే అవకాశం దక్కుతుంది. మీరు సహాయకుడిగా పోరాడి సాధించింది కూడా చాలాసార్లు ఆ అవకాశమే కదా.

కోర్టు పని సంగతికి వస్తే, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లేబర్ కోర్టులో వకీలు హాజరు కావాలంటే ఎదుటి పక్షం సమ్మతి, కోర్టు అనుమతి రెండూ ఉండాల్సి వచ్చేది. అందుకే ఈ రంగంలో వాగ్ధాటి కంటే ఫైలు తయారుచేసే ఓపికకే విలువ ఎక్కువ. తెలుగులో సాక్ష్యం విని, తెలుగులో తప్పుల్లేకుండా నమోదు చేయగల జూనియర్ దొరకడం కష్టం. మీ అమ్మాయికి ఆ పట్టు ఉంటే అది ఆమె ఆస్తి.

భవిష్యత్తు ఉంది. 29 కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కొత్త చట్టాలు (లేబర్ కోడ్‌లు) 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత వేతనంలో కలపాలి కాబట్టి పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు మారతాయి, నియామక పత్రాలు తిరగరాయాలి. సీనియర్లు కూడా మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుకుంటున్న ఇలాంటి సమయం కొత్తవాళ్లకు అరుదుగా దొరుకుతుంది. చాంబర్‌లో, అంటే సీనియర్ న్యాయవాది కార్యాలయంలో, తొలి రెండు మూడేళ్లు చేతికొచ్చేది తక్కువే. ఇల్లు ఆ కాలం ఓర్చుకోగలదా అన్నది మీరిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇంకొక మాట దాచను. మూసివేతలు, తొలగింపులు కూడా ఈ న్యాయవాదే నడపాలి, అవి ఆమెకు నిద్ర పట్టనివ్వని రోజులు ఉంటాయి. లైంగిక వేధింపుల ఫిర్యాదును అణచిపెట్టే దారి చూపమనో, పాత తేదీ వేసి నోటీసు సృష్టించమనో అడిగే క్లయింటూ ఎదురవుతాడు. కాబట్టి చేరే ముందు ఆ సీనియర్ అలాంటి ఫైళ్లను తిప్పి పంపుతారా, లేదా అన్నది ఆయన పాత జూనియర్లను అడిగి తెలుసుకోవాలి. పేరున్న చాంబరా, చిన్న చాంబరా అన్నదానికన్నా నేను దీన్నే ముఖ్యంగా చూస్తాను.

ఈ సెలవుల్లో ఆమెను నెలరోజులు యూనియన్ల తరఫు న్యాయవాది దగ్గర, మరో నెల ఆ సీనియర్ దగ్గర ఇంటర్న్‌షిప్ చేయనివ్వండి. సాయంత్రాలు మీరు కూర్చున్న ఎంక్వైరీల గురించి, యాజమాన్యం సాక్షి ఏ ప్రశ్న దగ్గర తడబడ్డాడో, ఏ కాగితం లేక కంపెనీ ఓడిపోయిందో ఆమెకు చెప్పండి. ఆ పాఠం ఏ లా కాలేజీలోనూ దొరకదు.