మట్టిని చిన్నచూపు చూసినవాడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి పోయిన వారం అందింది. మూడు రాత్రులు కూర్చుని ఆఖరు పుట వరకు చదివాను. వచనం శుభ్రంగా ఉన్నది. ఆ సంగతి చెప్పేవారు నీకు చాలామంది ఉంటారు. నేను వెంటనే కలం పట్టడానికి కారణం మొదటి అధ్యాయం చివర నీ లూసిఫర్, అంటే నీ సాతాను, పలికిన ఒక వాక్యం: "తప్పు చేయకుండా శిక్ష అనుభవించినవాడే చెడ్డవాడవుతాడు." నవల మొత్తాన్ని దీని మీదనే నిలబెట్టావు. పరలోకంలో గానబృందానికి పెద్దగా ఉన్నవాణ్ణి దేవుడు అకారణంగా తొలగించాడనీ, ఆ అవమానమే లోకంలోని చెడుకంతటికీ మూలమనీ రాశావు. చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, దాచుకోను.

ముందుగా పేరు సంగతి. మన తెలుగు బైబిలులో యెషయా గ్రంథం 14వ అధ్యాయం తెరిచి చూడు. "తేజోనక్షత్రమా, వేకువచుక్కా, నీవెట్లు ఆకాశమునుండి పడితివి?" అని ఉంటుంది; లూసిఫర్ అనే పేరు కనబడదు. హీబ్రూలో ఉన్నది హేలేల్ బెన్ షహర్, అంటే వేకువకు పుట్టిన ప్రకాశమానుడు. క్రీ.శ. 400 ప్రాంతంలో జెరోము అనే క్రైస్తవ పండితుడు లాటిన్‌లోకి అనువదిస్తూ, వేకువచుక్కకు ఆ భాషలో వాడుకలో ఉన్న లూసిఫర్ అనే మాటను అక్కడ ఉంచాడు. అదే లాటిన్ బైబిలులో పేతురు రెండవ పత్రికలో విశ్వాసుల హృదయాలలో ఉదయించే చుక్కకు కూడా ఇదే మాట ఉన్నది. పైగా ఇది బబులోను రాజును గురించిన గీతమని యెషయా అధ్యాయంలోనే స్పష్టంగా చెప్పి ఉన్నది. నీ గానబృందం కథకు ఆధారం యెహెజ్కేలు 28వ అధ్యాయం. అక్కడ పిల్లనగ్రోవుల ప్రస్తావన ఉన్న మాట నిజమే కాని, అది తూరు రాజు మీద పాడిన విలాపం. ఈ ఇద్దరు రాజులలో సాతానును చూసినవారిలో మూడవ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఒరిగెను ముఖ్యుడు. ఆ వ్యాఖ్యానమే వందల ఏళ్లు నడిచి మన ఉజ్జీవ సభల వేదికల దాకా వచ్చింది. దానిని తీసుకోవద్దని నేను అనను, వ్యాఖ్యానమని తెలిసి తీసుకోమంటాను.

మా నాయనమ్మ సాయంత్రాలు యోబు గ్రంథం పైకి చదివేది. "అపవాదియగు వాడు వారితో కలిసి వచ్చెను" అన్నచోట ఆమె గొంతు తగ్గేది. హీబ్రూలో సాతాను అంటే ఎదిరి, నేరం మోపేవాడు. యోబు గ్రంథంలో అది ఒకరి సొంత పేరైనా కాదు, దేవుని కొలువులో ఒక హోదా. సంఖ్యాకాండంలో బిలాము దారికి అడ్డు నిలిచిన యెహోవా దూతకు కూడా ఆ మాటే వాడారు. జెకర్యా గ్రంథంలో అతడు ప్రధాన యాజకుని కుడిపక్కన ఫిర్యాదిగా నిలబడతాడు. మన అనువాదకులు దయ్యమనో భూతమనో సరిపెట్టుకోక అపవాది అన్నారు. అంత సరైన మాట నీ ఇంట్లోనే ఉండగా, మూడు వందల పుటలలో నీవు ఒక్కసారైనా దానిని తాకలేదు.

దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టి పాపం కట్టుకున్న ఉదంతం చూడు. సమూయేలు రెండవ గ్రంథంలో దావీదును ఆ పనికి ప్రేరేపించినది యెహోవా కోపం. దాని తరువాత రాసిన దినవృత్తాంతములలో అదే ఉదంతానికి ప్రేరకుడు సాతాను. ఈ రెండు రచనల నడుమ గడచిన కాలంలో, చెడును దేవుని ఖాతాలో రాయడానికి మనిషికి చెయ్యి రాలేదు. నవలాకారిణి నిలబడవలసినది ఆ చెయ్యి వెనకాడిన చోట.

ఇక నా నమ్మకం చెబుతాను. నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను. సాతాను పతనానికి దేవుని సింహాసనం మీది ఆశ కంటే మనిషి పట్ల ఏవగింపు మూలం. ఖురానులో ఇబ్లీసు, అంటే అక్కడి సాతాను, ఆదాముకు తల వంచమంటే వంచడు. నన్ను నిప్పుతో చేశావు, వాణ్ణి మట్టితో చేశావు, నేను వానికంటే మేలైనవాణ్ణి అంటాడు. ఆదాము హవ్వల జీవితమనే ప్రాచీన గ్రంథంలోనూ సాతాను తాను ఆదాముకంటే ముందు పుట్టినవాడనని చెప్పి మొక్కడానికి నిరాకరిస్తాడు. యోబు మీద వేసిన నిందలోనూ ఉన్నది ఇదే: మనిషికి నిజమైన భక్తి ఉండదు, లాభం లేనిదే వాడు దేవుణ్ణి కొలవడు. ఈ మూడు చోట్లా మట్టిని చూసి పెదవి విరిచినవాడే కనబడతాడు.

922లో బాగ్దాదులో ప్రాణం కోల్పోయిన సూఫీ సాధకుడు హల్లాజ్ ఇబ్లీసును దేవునికి తప్ప వేరెవరికీ తల వంచని ప్రేమికుడిగా చూశాడు. నా వాదానికి ఎదురు నిలిచిన మాటలలో ఇంత బలమైనది నాకు తెలియదు. ఏళ్ల తరబడి నన్ను వదలలేదు. చివరకు నాకు దారి చూపినవాడు సూఫీ కవి రూమీ: ఇబ్లీసుకు ఆదాములోని మట్టి మాత్రమే కనబడింది. ఆ మట్టిలోకి ఊదిన ఊపిరి ఎవరిదో తెలుసుకోలేని ప్రేమ ప్రేమేనా? ఇకపోతే ప్రాచీన యూదుల హనోకు గ్రంథం నా వాదానికి లొంగదు. అక్కడ రెండు వందలమంది దూతలు స్త్రీలను మోహించి హెర్మోను కొండ మీద దిగుతారు, మనుషులకు కత్తులు చేయడం నేర్పుతారు. అదొక వేరే పతనం. దానికి వేరే నవల కావాలి.

ముప్పై ఏళ్ల వయసులో నేను ఇబ్లీసు మీద ఒక పెద్ద కథ రాసి పత్రికకు పంపాను. ఏడు నెలల తరువాత సంపాదకుడు పిలిపించి, మన పాఠకులకు ఇది ఎక్కదు, హిరణ్యకశిపుడిగా మార్చి తీసుకురమ్మన్నాడు. నేను మార్చలేదు, కథ అచ్చు కాలేదు. ఆ గాయం ఇంకా ఉన్నది కనుకనే నీ చివరి అధ్యాయం నన్ను మరీ బాధించింది. జయవిజయులు ద్వారపాలకులు, శాపం వల్ల పడి, మూడు జన్మలు వైరం నడిపి, తిరిగి వైకుంఠం చేరుకున్నారు. ఆ కథకు దాని న్యాయం దానికున్నది. నీవు సాతానును అదే మెట్ల మీదుగా పైకి పంపించావు. అతడు కూడా ఒకనాడు తిరిగి రావచ్చునన్న ఆశ ఒరిగెను పేరుతో ముడిపడి ఉన్నది. 553లో కాన్‌స్టాంటినోపుల్ క్రైస్తవ మతపెద్దల సభ కాలంలో ఆ బోధను తిరస్కరించారు. ఇంత మూల్యం చెల్లించిన ఆశను నీవు రెండు పుటలలో, ఏ పెనుగులాటా లేకుండా ముగించావు.

ఇప్పుడు నీ వాక్యానికి వస్తాను. ప్రతి దుర్మార్గుడికీ ఒక పాత గాయం అతికించి, అతని వైపు నుంచి కథ చెప్పడం ఈనాడు ఒక మోజు. ప్రచురణకర్తలు దానినే అడుగుతున్నారు, బహుమతులు దానికే ఇస్తున్నారు. క్రైస్తవ వేదాంతి అగస్టీను దాదాపు తొమ్మిదేళ్లు మానీ మతంలో ఉండి, చెడు అనేది వెలుగుతో పోరాడే మరో శక్తి అని నమ్మి, తరువాత ఆ నమ్మకం వదులుకున్నాడు. చెడుకు సొంత అస్తిత్వం లేదనీ, అది మంచి లోపించిన చోటనీ, దుష్టసంకల్పానికి కారణం వెతకడమంటే చీకటిని చూడాలనీ నిశ్శబ్దాన్ని వినాలనీ కోరడమేననీ రాశాడు. కారణం పూర్తిగా దొరికితే నేరం కారణానిదవుతుంది, చేసినవాడిది కాదు. నీ లూసిఫర్ నేరం అలాగే దేవునిదైపోయింది. నేనూ ఒకప్పుడు ఊళ్లో అప్పులిచ్చి భూములు లాక్కున్న ఒక మనిషి మీద నవల రాస్తూ, అతనికి తల్లి లేని బాల్యం కల్పించాను. అచ్చయిన తరువాత, భూమి పోగొట్టుకున్న ఒక రైతు భార్య నన్ను అడిగింది: "మాకూ తల్లి లేదు కదయ్యా, మేమెవరి పొలం తీసుకున్నాం?" ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించలేదు.

నన్ను కదిలించినది 140వ పుట. దేవుడు మట్టిబొమ్మను ఆరబెట్టి వెళ్లిన తరువాత, పేరైనా లేని ఒక చిన్న దూత దాని భుజం మీద దేవుని వేలిముద్ర చూసి, వాన పడితే చెరిగిపోతుందేమోనని రాత్రంతా రెక్క అడ్డం పెట్టి కూర్చుంటాడు. అది తొమ్మిది వాక్యాలు మాత్రమే. లూసిఫర్ ఆ దారిన రాలేదు, ఆ ముద్ర చూడలేదు. అతణ్ణి అక్కడికి తీసుకురా. ఆ వేలిముద్రను అతడు కూడా చూడాలి, చూసి కూడా దానిని బురద అనాలి. ఎందుకన్నాడో చెప్పకు.

రాతప్రతిని రిజిస్టరు పోస్టులో తిప్పి పంపుతున్నాను. ఆ పుట మూల మడిచి ఉంచాను. ఆ ఒక్క అధ్యాయం తిరగరాసిన తరువాత నాకు పంపు.