మదర్‌బోర్డు మార్చాక విండోస్ యాక్టివేషన్ పోయింది, కొత్త కీ కొనాల్సిందేనా?

అప్పుడే కొనకండి. కొత్త మదర్‌బోర్డు వేయించాక విండోస్ 11 యాక్టివేట్ కావడం లేదని, షాపువాళ్లు కొత్త కీ తీసుకోమంటున్నారని రాశారు. నా డెస్క్‌టాప్ బోర్డు కాలిపోయినప్పుడు నాకూ అదే మాట చెప్పారు. పైసా ఖర్చు లేకుండా నా పాత లైసెన్సే తిరిగి పనిచేసింది.

డిజిటల్ లైసెన్సు, అంటే కీ టైప్ చేయకుండానే విండోస్‌ను యాక్టివేట్ చేసే లైసెన్సు, కంప్యూటర్ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది, అందులో మదర్‌బోర్డే కీలకం. ర్యామ్ మారిస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. బోర్డు మారితే మాత్రం మైక్రోసాఫ్ట్ సర్వర్లు దాన్ని వేరే కంప్యూటర్‌గానే లెక్కిస్తాయి. అందుకే 2016లో వచ్చిన విండోస్ 10 1607 వెర్షన్ నుంచి లైసెన్సును మైక్రోసాఫ్ట్ అకౌంటుకు జతచేసే వీలు కల్పించారు. నాకు అక్కరకొచ్చింది అదే.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి ట్రబుల్‌షూట్ నొక్కండి. ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చానని చెప్పే లింకు వస్తుంది. పాత బోర్డు ఉన్నప్పుడు వాడిన అకౌంటుతోనే లాగిన్ కావాలి, అడ్మినిస్ట్రేటర్ హక్కులూ ఉండాలి. ఆ తరువాత వచ్చే జాబితాలో జాగ్రత్త: విండోస్ మళ్లీ ఎక్కిస్తే కంప్యూటర్‌కు కొత్త పేరు పడుతుంది, లైసెన్సు మాత్రం పాత పేరు మీదే ఉంటుంది. ఆ పాత పేరునే ఎంచుకుని, ఇప్పుడు వాడుతున్నది ఇదేనని టిక్కు పెట్టి యాక్టివేట్ నొక్కండి.

అయినా కాకపోతే ఎడిషన్, అంటే మీ విండోస్ హోమ్ రకమా, ప్రో రకమా అన్నది చూడండి. నా దగ్గర ఉన్నది హోమ్ లైసెన్సు. షాపులో అడగకుండానే ప్రో ఎక్కించారు. హోమ్ లైసెన్సుతో ప్రో యాక్టివేట్ కాదు. హోమ్ మళ్లీ ఎక్కించుకున్నాకే నా పని అయింది.

విడిగా కొన్న రిటైల్ లైసెన్సు కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ బోర్డుకే పరిమితం. అయితే వారంటీలో తయారీ కంపెనీయే పాడైన బోర్డు మార్చి ఉంటే కొత్త లైసెన్సు అక్కర్లేదు, యాక్టివేట్ చేసి ఇమ్మని గట్టిగా అడగండి. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే కీల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. ఇవాళ పనిచేసినా రేపు బ్లాక్ కావచ్చు.

బోర్డు ఇంకా మార్చనివారు ఇది చదువుతుంటే, డిస్కులోని ఫైళ్లకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకుని 48 అంకెల రికవరీ కీని ముందే రాసి పెట్టుకోండి. బోర్డు మారగానే అది అడుగుతుంది, లేకపోతే ఫైళ్లే తెరుచుకోవు.

మీ యాక్టివేషన్ పేజీలో హోమ్ అని ఉందా, ప్రో అని ఉందా? పాత లైసెన్సు విడిగా కొన్నదా, కంప్యూటర్‌తో వచ్చిందా? ఈ రెండూ చెబితే ఇంకా కచ్చితంగా చెప్పగలను.